డబ్బా పాలలో సీసం భయం: నీళ్ల నుంచి సీసా దాకా ఏం చూసుకోవాలి, ఎలా చూసుకోవాలి

"సీసం లేని పాలపొడి ఏ బ్రాండ్‌ది?" డబ్బా పాలు పట్టే తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. 2025 మార్చిలో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 41 రకాల పాలపొడులను పరీక్షించింది. చాలావాటిలో ఎంతో కొంత సీసం, కొన్నిటిలో ఆర్సెనిక్ కనిపించాయని ప్రకటించింది. అప్పటి నుంచి ఆ జాబితాలు మన వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతున్నాయి. వాటిలోని డబ్బాలు చాలావరకు మన మందుల షాపుల్లో దొరికేవే కావు. అయినా టెన్షన్ మాత్రం మనకూ వచ్చింది.

బ్రాండ్ సంగతి తర్వాత. ముందు నీళ్లు చూడాలి, ఆ తర్వాత పాత్రలు. ఎందుకో ఒక్క లెక్క చూస్తే తెలుస్తుంది.

అయిదు కిలోల బిడ్డ కేవలం డబ్బా పాల మీదే ఉంటే రోజుకు సుమారు 750 మి.లీ. తాగుతుంది. దానికి దాదాపు 100 గ్రాముల పొడి, 680 మి.లీ. నీళ్లు పడతాయి. పసిపిల్లల పాలపొడిలో సీసానికి యూరప్ పెట్టిన హద్దు కిలోకు 20 మైక్రోగ్రాములు. పొడిలో సరిగ్గా అంతే ఉందనుకున్నా బిడ్డకు చేరేది రోజుకు 2 మైక్రోగ్రాములు. తాగునీటికి మన భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం, అంటే ఐఎస్ 10500, సీసానికి పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. నీళ్లలో అంత ఉంటే బిడ్డకు చేరేది దాదాపు 7. పిల్లలకు ఆహారం ద్వారా రోజుకు 2.2 మైక్రోగ్రాములు మించకూడదని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక కొలమానం పెట్టుకుంది. అంటే నీళ్లు "పాస్" అయినా బిడ్డ పాస్ కాకపోవచ్చు. మీ నీళ్లలో అంత సీసం ఉందని నేననడం లేదు. పరీక్ష చేయించకుండా ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు.

ఇంకో మాట. తల్లిపాలు ఇవ్వగలిగితే ఈ గొడవే ఉండదు. ఇవ్వలేని పరిస్థితి ఉంటే అపరాధ భావం అక్కర్లేదు. అలాగని సీసం భయంతో డబ్బా పాలు మానేసి ఆవు పాలకో, గంజికో మారడం మాత్రం చేయొద్దు. దాని సంగతి కింద చెప్తాను.

కావలసినవి

- మీరు వాడే పాలపొడి డబ్బా, దానితోపాటే వచ్చిన స్కూప్
- మూత ఉన్న స్టీలు గిన్నె, లేదా లోపల అంతా స్టీలే ఉన్న ఎలక్ట్రిక్ కెటిల్
- కొలతలు స్పష్టంగా కనిపించే పాలసీసా
- మీ నీళ్ల ల్యాబ్ రిపోర్టు (లేకపోతే రెండో మెట్టు చూడండి)
- డబ్బా తెరిచిన తేదీ రాసుకోవడానికి ఒక మార్కర్ పెన్ను

1. నీళ్లు ఎక్కడివో తేల్చుకోండి

బోరు నీళ్లా, కుళాయి నీళ్లా, వీధి చివర ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యానా, ఇంట్లో ఆర్ఓ మిషనా? చాలా ఇళ్లలో ఈ నాలుగూ కలగాపులగంగా వాడతారు. బిడ్డ పాలకు మాత్రం ఒకటే ఎంచుకోండి, దాన్నే పరీక్షించండి.

బోరు నీళ్లయితే జాగ్రత్త ఎక్కువ కావాలి. నల్గొండ, ప్రకాశం వైపు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ లోహం కాదు, కానీ అదే నీళ్లతో పాలు కలిపితే అదీ బిడ్డకే చేరుతుంది. పరిశ్రమల పక్కన ఉన్న కాలనీల్లో, పాత చెత్త డంపులకు దగ్గర్లో లోహాల పరీక్ష తప్పనిసరి. ఎరువులు ఎక్కువగా వేసే పొలాల మధ్య బోరైతే నైట్రేట్ కూడా చూడాలి. అది నెలల పిల్లల రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీస్తుంది.

క్యాన్ నీళ్లను "మినరల్ వాటర్" అంటారు కానీ చాలా ప్లాంట్లకు లైసెన్సే ఉండదు. క్యాన్ మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 14543 అన్న నంబరు, తయారీ తేదీ లేకపోతే అది కూడా పరీక్ష చేయని నీళ్ల కిందే లెక్క.

2. పరీక్ష చేయించండి

ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకు వెళ్లి "తాగునీటిలో భార లోహాల పరీక్ష" కావాలని అడగండి. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం, మాంగనీస్, రాగి, వీటితోపాటు ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా రాయించండి. గ్రామాల్లో వాడే ఫీల్డ్ కిట్‌తో ఫ్లోరైడ్, నైట్రేట్, ఐరన్ లాంటివి తేలతాయి. సీసం తేలదు.

నమూనా పట్టడంలోనే సగం పని ఉంది. లోహాల పరీక్షకు ప్రత్యేకమైన సీసా ఉంటుంది. దాన్ని ల్యాబు నుంచే తెచ్చుకోండి, కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకెళ్లొద్దు. రెండు నమూనాలు తీయండి. మొదటిది తెల్లవారుజామున, రాత్రంతా కుళాయి తిప్పకుండా ఉంచి, తిప్పగానే వచ్చే నీళ్లు. రెండోది అదే కుళాయి రెండు మూడు నిమిషాలు వదిలాక పట్టిన నీళ్లు. మొదటిదాంట్లో సీసం ఎక్కువ, రెండోదాంట్లో తక్కువ ఉంటే దోషం మీ కుళాయిదో పైపుదో. రెండింటిలోనూ ఎక్కువుంటే నీళ్ల మూలంలోనే ఉంది, లేదా ట్యాంకు దగ్గరి నుంచీ ఉంది.

రిపోర్టు చదివేటప్పుడు ఈ హద్దులు పక్కన పెట్టుకోండి. అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో: సీసం 0.01 (పైన చెప్పిన 10 మైక్రోగ్రాములే), ఆర్సెనిక్ 0.01, కాడ్మియం 0.003, పాదరసం 0.001, మాంగనీస్ 0.1, రాగి 0.05, ఫ్లోరైడ్ 1.0, నైట్రేట్ 45. మాంగనీస్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సీసా పాలు తాగే పిల్లలను దృష్టిలో పెట్టుకునే 0.08 అంది, నేనైతే దాన్నే పట్టుకుంటాను. సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ లేదు కాబట్టి అక్కడ హద్దును చూసి తృప్తి పడకండి, ఎంత తక్కువుంటే అంత మంచిది.

జనం ఎక్కువగా బోల్తా పడేది ఒకచోట. రిపోర్టులో సీసం ఎదురుగా "బీడీఎల్" అని ఉంటుంది, అంటే మా పరికరం పట్టగలిగిన దానికంటే తక్కువ అని. వెంటనే హమ్మయ్య అనుకుంటాం. కానీ ఆ పరికరం పట్టగలిగే కనీస స్థాయే 0.05 అయితే? హద్దు 0.01 కదా, ఆ బీడీఎల్‌కు అర్థమే లేదు. "మీ డిటెక్షన్ లిమిట్ ఎంత?" అని డబ్బు కట్టే ముందే అడగండి. ఐసీపీ-ఎంఎస్ అనే పరికరం ఉన్న ల్యాబు అయితే ఈ బాధ ఉండదు.

3. వడపోత సరిచూసుకోండి

లోహాలను బాగా తగ్గించేది ఆర్ఓ. యూవీ క్రిములను చంపుతుంది, లోహాలను ముట్టుకోదు. సన్నటి రంధ్రాల పొరతో వడకట్టే యూఎఫ్ కూడా అంతే, నీళ్లలో కరిగిన సీసం దాన్లోంచి హాయిగా వెళ్లిపోతుంది. "మా ఇంట్లో ఫిల్టరుంది" అనే ముందు అది ఏ ఫిల్టరో చూడండి.

ఆర్ఓ ఉన్నవాళ్లు కూడా రెండు విషయాలు గమనించాలి. చాలా మిషన్లలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ అనే చిన్న వాల్వు ఉంటుంది. రుచి కోసం అది ఆర్ఓ పొర దాటని నీళ్లను కొంత వెనక్కి కలుపుతుంది. పొర ఆపిన లోహాలు ఈ దొడ్డిదారిలో తిరిగి వచ్చేస్తాయి. సర్వీసు మనిషిని పిలిచి పూర్తిగా మూయించండి. మినరల్స్ లేని నీళ్లు బిడ్డకు మంచివి కావేమో అనుకోవద్దు, కావలసిన ఖనిజాలు పాలపొడిలోనే ఉన్నాయి.

రెండోది రాగి కలిపే మిషన్లు, "కాపర్ ప్లస్" తరహావి. పెద్దవాళ్లు తాగాలనుకుంటే తాగొచ్చు. బిడ్డ పాలకు ఆ నీళ్లు వద్దు, రాత్రంతా రాగి చెంబులో ఉంచిన నీళ్లూ వద్దు.

ఆర్ఓ పెట్టించుకునే స్తోమత లేకపోతే, పరీక్షలో కుళాయి నీళ్లు బాగున్నాయంటే అవే చాలు. బాగోలేకపోతే బిడ్డ పాల వరకు మాత్రం ఐఎస్ఐ గుర్తున్న సీల్డ్ బాటిల్ నీళ్లు వాడండి. బాటిల్ నీళ్లయినా మరిగించాల్సిందే.

4. కుళాయి అలవాటు మార్చుకోండి

పొద్దున తిప్పగానే వచ్చే నీళ్లు మొక్కలకు పోయండి. రెండు మూడు నిమిషాల తర్వాతివి పట్టుకోండి. గీజరు నీళ్లు ఎప్పుడూ వద్దు. వేడి నీళ్లు పైపుల్లోని, ఇత్తడి కుళాయిల్లోని సీసాన్ని ఎక్కువగా కరిగిస్తాయి. మన పీవీసీ పైపుల్లో ప్లాస్టిక్ వేడికి చెడకుండా సీసం సమ్మేళనాలు వాడేవారు. దాన్ని ఆపడానికి కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. అంతకుముందు కట్టిన ఇల్లయితే పైపులు పాతవే అనుకుని నడుచుకోండి.

5. పాత్ర స్టీలుదే అయి ఉండాలి

ఇక్కడ పెద్దవాళ్లతో కాస్త వాదన తప్పదు. ఇత్తడి గిన్నెలో కాచిన పాలు బలమని చాలా ఇళ్లలో నమ్మకం. మన దేశంలో ఒకప్పుడు పసిపిల్లల కాలేయాన్ని పాడుచేసి ప్రాణాలు తీసిన జబ్బు ఒకటుండేది, ఇండియన్ చైల్డ్‌హుడ్ సిర్రోసిస్ అనేవారు. ఆ పిల్లల కాలేయాల్లో రాగి విపరీతంగా పేరుకుపోయి కనిపించింది. 1980ల్లో పుణెలో డాక్టర్లు ఆరా తీస్తే, చాలామందికి ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిల్వ ఉంచిన పాలు పట్టారని తేలింది. ఆ పాత్రల వాడకం తగ్గాక జబ్బు కూడా అరుదైపోయింది. అత్తగారో అమ్మమ్మో అడిగితే ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి, చాలామంది ఒప్పుకుంటారు.

కళాయి వేయించాం కదా అంటారు. ఆ కళాయిలో తగరంతోపాటు సీసం కలిసిందో లేదో మనకు తెలియదు. పాత తుక్కు కరిగించి పోసిన అల్యూమినియం, ఇండాలియం గిన్నెలూ పక్కన పెట్టండి. మన దేశం నుంచి వెళ్లిన అలాంటి పాత్రల్లోంచి ఆహారంలోకి సీసం దిగుతోందని 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక కూడా ఇచ్చింది.

వెండి ఉగ్గుగిన్నెతో పట్టడం తప్పేమీ కాదు. పాలు అందులో నిల్వ ఉంచొద్దు, అంతే. ఏ లోహంతో అతుకు వేశారో తెలియని పాత గిన్నె అయితే గూట్లోనే ఉంచి, స్టీలుది వాడండి.

6. డబ్బా చదవండి

మన దేశంలో అమ్మే డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమన్న వాక్యం పెద్దగా కనిపించాలి. పసిపిల్లల పాలపొడుల అమ్మకాన్ని అదుపు చేసే 1992 నాటి ఐఎంఎస్ చట్టం ప్రకారం డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ ఉండకూడదు. నవ్వే బాబు బొమ్మతో ఉన్న డబ్బాను ఇక్కడ ఎవరైనా అమ్ముతుంటే అది సరైన దారిలో వచ్చిన సరుకు కాదు.

కావలసిన పదార్థాల జాబితాలో ఫెర్రస్ సల్ఫేట్, జింక్ సల్ఫేట్, మాంగనీస్ సల్ఫేట్, కాపర్ సల్ఫేట్ కనిపిస్తాయి. కాపర్ సల్ఫేట్ అంటే మైలుతుత్తం, తోటలకు కొట్టే మందు కదా అని రైతు కుటుంబాల వాళ్లు కంగారు పడటం సహజమే. ఐరన్, జింక్, రాగి, మాంగనీస్ కొద్ది మోతాదులో బిడ్డకు అవసరం, అందుకే ప్రమాణాల ప్రకారం కలుపుతారు. ఇవి కలుషితాలు కావు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం మాత్రం ఎవరూ కలపరు. మట్టి నుంచి, నీళ్ల నుంచి, యంత్రాల నుంచి అవి వస్తాయి. కాబట్టి లేబుల్ మీద ఎప్పుడూ కనిపించవు.

సోయా పొడి డాక్టరు చెప్పకుండా కొనకండి. ఆవు పాల పొడితో పోలిస్తే దాంట్లో అల్యూమినియం, మాంగనీస్ ఎక్కువగా ఉంటాయి. "ఆర్గానిక్" అన్న ముద్ర సీసం లేదని చెప్పే హామీ కాదు, దానికి అదనంగా డబ్బు పెట్టడం మీ ఇష్టం.

7. కలపండి

చేతులు కడుక్కుని, సీసాలు శుభ్రం చేశాక:

- తాజా నీళ్లు లీటరు పోసి, మూత పెట్టి, కళపెళ మరగనివ్వండి. ఒక నిమిషం చాలు, దించేయండి.
- మూత తీయకుండా ఉంచి, అరగంట లోపే వాడండి. అప్పటికి ఇంకా 70 డిగ్రీల పైనే ఉంటాయి. పొడిలో క్రిములు ఉండొచ్చు కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వేడినే సిఫారసు చేస్తుంది. మీ డబ్బా గోరువెచ్చని నీళ్లంటే పిల్లల డాక్టరును అడిగి నిర్ణయించుకోండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, రెండు నెలల లోపు బిడ్డ అయితే తప్పకుండా అడగండి.
- ముందు సీసాలో నీళ్లు కొలవండి, తర్వాత పొడి వేయండి. స్కూప్‌ను కత్తి వీపుతో చదును చేయండి, అదిమి నింపొద్దు.
- సీసాను చల్లటి నీళ్ల గిన్నెలో పెట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. రెండు గంటల్లో తాగనిది పారబోయండి.

ఒక హెచ్చరిక. మన దగ్గర దొరికే చాలా డబ్బాల్లో 30 మి.లీ. నీళ్లకు ఒక స్కూప్. అమెరికా నుంచి చుట్టాలు సూట్‌కేసులో తెచ్చిన డబ్బాల్లో సాధారణంగా ఒక స్కూప్ రెండు ఔన్సులకు, అంటే దాదాపు 60 మి.లీ.కు. ఆ పెద్ద స్కూప్‌ను మన లెక్కలో వేస్తే పాలు రెట్టింపు చిక్కన, లోహాలూ ఉప్పూ రెట్టింపు. మన చిన్న స్కూప్‌ను ఆ లెక్కలో వేస్తే బిడ్డకు సగం తిండే అందుతుంది. స్కూప్ పోతే ఇంకో డబ్బాది వాడకండి.

తరచూ జరిగే పొరపాట్లు

బాగా మరిగిస్తే లోహాలు పోతాయనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మరిగితే ఆవిరయ్యేది నీళ్లే, సీసం గిన్నెలోనే ఉంటుంది. లీటరు నీళ్లు అరలీటరుకు ఇగిరితే సీసం, ఫ్లోరైడ్, నైట్రేట్ గాఢత రెట్టింపవుతుంది. కెటిల్లో మిగిలిన నీళ్లలోనే మళ్లీ పోసి మళ్లీ కాచే అలవాటుంటే మానేయండి.

టీడీఎస్ మీటరును నమ్మడం ఇంకొకటి. ఆ మీటరు లీటరుకు ఒక్కో మిల్లీగ్రామును లెక్కపెడుతుంది. సీసం హద్దు అందులో నూరో వంతు. మీటరు 50 చూపినా నీళ్లలో సీసం ఉండొచ్చు, 400 చూపినా లేకపోవచ్చు. ఆ మీటరు ఒక్క పనికి బాగా ఉపయోగపడుతుంది: ఆర్ఓకు ముందు, తర్వాత కొలిచి రాసుకోవడానికి. కొత్తలో ఉన్న తేడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంటే పొర మార్చే సమయమైంది.

సీసం భయంతో స్కూపులు తగ్గించి పలచగా కలిపేవాళ్లున్నారు. అది సీసం కంటే త్వరగా హాని చేస్తుంది. బరువు పెరగదు, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావచ్చు.

ఏడాది లోపు ఆవు, గేదె పాలకు మారడం కూడా తప్పే. వాటిలో ఐరన్ చాలా తక్కువ. ఐరన్ తగ్గిన బిడ్డ శరీరం సీసాన్ని మరింతగా పీల్చుకుంటుంది. దేనికి భయపడి మారారో అదే ఎదురొస్తుంది.

నిద్ర పడుతుందని సీసాలో బియ్యం పిండి కలపొద్దు. వరి నేలలోని, నీళ్లలోని ఆర్సెనిక్‌ను బాగా తీసుకునే పంట. ఆరు నెలలు దాటాక ఉగ్గు పెట్టేటప్పుడు రాగుల పిండి, గోధుమ రవ్వ, పెసరపప్పు మార్చి మార్చి పెట్టండి. అన్నం ఎక్కువ ఎసరులో వండి గంజి వారిస్తే ఆర్సెనిక్ బాగా తగ్గుతుంది. ఆ వార్చిన గంజి మళ్లీ బిడ్డకే పట్టకండి.

పాలన్నీ సరిచేసి కంటికి సుర్మా పెడితే ఏం లాభం? బజారు సుర్మా, కొన్ని రకాల కాటుక, కుంకుమ, ఊరూ పేరూ లేని భస్మాలు, విడిగా అమ్మే మరీ మెరిసే పసుపు, వీటిలో సీసం దొరికిన సందర్భాలు చాలా ఉన్నాయి.

అమెరికాలో ఉన్నవాళ్లకు

పాత ఇళ్లకు సీసపు పైపు కనెక్షన్ ఉండొచ్చు. మీ నగర నీటి సంస్థ దగ్గర ఆ జాబితా ఉంటుంది, అడగండి. కుళాయి ఫిల్టరు కొనేటప్పుడు ఎన్ఎస్ఎఫ్ 53 అన్న ఫిల్టరు ప్రమాణం ముద్ర, దాని కింద సీసం పేరు విడిగా ఉన్నాయో లేదో చూడండి. 42 అన్న ముద్ర ఒక్కటే ఉంటే అది క్లోరిన్ వాసనకు, రుచికి మాత్రమే.

సరిగ్గా చేస్తున్నామా లేదా ఎలా తెలుస్తుంది?

ఫిల్టరు పెట్టాక లేదా కుళాయి మార్చాక మళ్లీ నీళ్లు పరీక్ష చేయించండి. పాత రిపోర్టు పారేయకండి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే మార్పు తెలుస్తుంది. బిడ్డ బరువు డాక్టరు చార్టు ప్రకారం పెరుగుతోందంటే పాల కొలత సరిగ్గా ఉన్నట్టే.

నీళ్లలో సీసం ఎక్కువని తేలి, ఆ నీళ్లతో నెలల తరబడి పాలు పట్టి ఉంటే, పిల్లల డాక్టరును రక్తంలో సీసం పరీక్ష రాయమనండి. వేలి చివర గుచ్చి తీసిన రక్తంలో చర్మం మీది మురికి కలిసి అంకె పెరగొచ్చు, అందుకే నరం నుంచి తీసినదే లెక్క. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 3.5 నుంచే గమనించమంటుంది. సీసం చేరినా బిడ్డ పైకి మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. వెంట్రుకల పరీక్షలు, "డిటాక్స్" చుక్కలు అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. సీసాన్ని బయటికి లాగే మందులు ఆసుపత్రిలో, డాక్టరు కళ్ల ముందు ఇవ్వాల్సినవి.

డబ్బా మీదే అనుమానముంటే పారేయకుండా మూత పెట్టి ఉంచండి. బ్యాచ్ నంబరు ఫొటో తీసి, బిల్లుతో సహా ఎఫ్ఎస్ఎస్ఏఐ ఫిర్యాదుల యాప్ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో గానీ, జిల్లా ఆహార భద్రతా అధికారికి గానీ ఫిర్యాదు చేయండి. ఈలోగా వేరే బ్యాచ్ వాడుకోవచ్చు.